కరోలాకు తొడిగిన ఇనప బూటు

శుక్రవారం పొద్దున ఏసుపాదం వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. కరోలా కడగాలి, టైర్లలో గాలి చూడాలి, ట్యాంక్ నింపించి తాళాలు నిశాంత్ చేతిలో పెట్టాలి. పదకొండింటికల్లా అయిపోతుంది, ఆ తర్వాత రాత్రి మిగిలిన చేపల పులుసు వేడిచేసుకు తినొచ్చు అనుకున్నాడు. భార్య నవోమి హాస్పిటల్లో నర్సు. ఇంట్లో ఉన్న ఇంకో కారు వేసుకుని తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోయింది.

నిశాంత్ వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాడు. కరీంనగర్ వాడు, మాస్టర్స్ పూర్తయింది. చదువైపోయాక ఉద్యోగం లేకుండా అమెరికాలో తొంభై రోజులే ఉండనిస్తారు, ఆ తర్వాత విమానం ఎక్కాల్సిందే. ఇవాళ ఎనభై ఆరో రోజు. అదృష్టం బాగుండి మొన్నే ఉద్యోగం దొరికింది. సోమవారం ఎనిమిదింటికి చేరాలి. ఆఫీస్ వీళ్ళుండే ఆష్‌బర్న్‌కి అరవై మైళ్ళు, బస్సూ లేదు, రైలూ లేదు. "సొంత కారుందా? రోజూ రాగలవా?" అని ఇంటర్వ్యూలో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "ఉంది, వస్తాను" అన్నాడు.

ఉన్న కారు ఈ కరోలాయే, అదీ ఏసుపాదం పేరు మీద. దానికి గొప్ప పేరుంది. ఇంతకుముందు ఆ బేస్‌మెంట్‌లో ఉన్న నలుగురూ దాన్ని నడిపారు, నలుగురికీ ఉద్యోగాలొచ్చాయి. ఒకడికైతే సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పచ్చగా మారేలోపు రెండు ఆఫర్లు వచ్చాయని, ఏది తీసుకోవాలో తేలక వెనక కార్లు మైలు దూరం ఆగిపోయాయని చెప్పుకుంటారు. పేరు మారిస్తే రాశి పోతుందని కొన్నవాడల్లా డబ్బు మాత్రం ఇచ్చి కాగితాలు ఏసుపాదం అంకుల్ పేరు మీదే ఉంచాడు. వర్జీనియాలో కారుకు ఏటేటా కౌంటీకి, అంటే మన జిల్లా ఆఫీసు లాంటిదానికి, పన్ను కట్టాలని నలుగురికీ తెలుసు. ప్రతివాడూ ముందువాడు కట్టేశాడనుకున్నాడు.

మరి బిల్లులు ఏసుపాదానికి రాలేదా అంటే, బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ రెండేళ్ళ కిందట ఎవడో ఫోన్ చేసి, టాక్స్ ఆఫీసర్‌నని బెదిరించి, ఆయన చేత రెండువేల డాలర్ల గిఫ్ట్ కార్డులు కొనిపించి నంబర్లన్నీ చదివించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన పన్ను అన్న మాట వినిపిస్తే చాలు, దొంగ అని తేల్చేసేవాడు. తెలుగు చర్చివాళ్ళందరికీ వాట్సాప్ గ్రూపు పెట్టి రోజూ హెచ్చరించేవాడు. కౌంటీ ఆఫీస్ నుంచి ఒకావిడ నిజంగానే ఫోన్ చేస్తే, మాట్లాడనివ్వకుండా ఆరు చరణాల కీర్తన మొత్తం పాడి పెట్టేశాడు. చివరి నోటీసు వస్తే ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. "దొంగ ఉత్తరం ఇలా ఉంటుంది. మీకొచ్చినా కట్టకండి." నూట నలభై మందీ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

అలాంటి ఏసుపాదం బకెట్ పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి, కరోలా ముందు చక్రానికి కారు కదలకుండా పసుపురంగు ఇనప బూటు తొడిగి తాళం వేసి ఉంది. అద్దం మీద ఎర్ర స్టిక్కరు, దాని మీద ఫోన్ నంబరు.

"చూశావా బాబూ!" అని ఏసుపాదం కేకేశాడు. "మొన్నటిదాకా ఫోన్లే చేసేవాళ్ళు. ఇప్పుడు ఇనుము మీద కూడా పెట్టుబడి పెడుతున్నారు!"

కేక విని బేస్‌మెంట్‌లోంచి వచ్చిన నిశాంత్ వంగి స్టిక్కరు చదివాడు. "అంకుల్, దీనిమీద కౌంటీ అని రాసుంది. ఒక్కసారి ఆ నంబర్‌కి కాల్ చేద్దాం."

"వాళ్ళతో ఫోన్లో మాట్లాడినవాడు ఏమయ్యాడో నీ ఎదురుగానే ఉన్నాడు కదయ్యా. అంజయ్యని పిలుస్తానుండు."

అంజయ్య పక్కవీధిలో ఉంటాడు. అపార్ట్‌మెంట్లకు రిపేర్లు చేస్తాడు. ఆయన వ్యాన్‌లో లేని పనిముట్టు అమెరికాలోనే ఉండదు. పది నిమిషాల్లో వచ్చి బూటు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అన్నా, గిది మస్తు ఇనుము. స్కామోళ్ళు పైసలు గట్టిగనే పెడ్తున్రు."

"కోసెయ్యగలవా?"

"నేనెట్ల కోస్త? నా గ్రైండర్ కోస్తది."

నలభై నిమిషాలు నిప్పురవ్వలు ఎగిరాయి. ఎదురింటి కుక్క పండగనుకుని వచ్చి కూర్చుంది. బూటు రెండు ముక్కలై రోడ్డు మీద పడింది. ఏసుపాదం అదంతా వీడియో తీశాడు, మధ్యలో వ్యాఖ్యానం కూడా చెప్పాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. దొంగల ఇనుము చేతికి చిక్కింది కదా, మళ్ళీ ఎవరికీ తొడగకుండా చూడాలని కౌంటీ పోలీసులుండే షెరిఫ్ ఆఫీస్‌కి తనే ఫోన్ చేశాడు.

ఇరవై నిమిషాల్లో షెరిఫ్ కింద పనిచేసే ఒక డిప్యూటీ వచ్చాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మాట మెత్తన. ఆయన మాట్లాడినదంతా ఇంగ్లీషే, మనం తెలుగులో చెప్పుకుందాం. ఏసుపాదం సగం బూటు ఆయన చేతికిచ్చి, వీడియో మొత్తం చూపించాడు. డిప్యూటీ చివరిదాకా చూశాడు. నిప్పురవ్వలు బాగా పడ్డచోట వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు.

"ఇది పొద్దున ఐదున్నరకు నేనే తొడిగాను సర్" అన్నాడు.

అంజయ్య గ్రైండర్ చుట్టేసి, "అన్నా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన" అని వెనక కంచె దూకాడు. ఆ తర్వాత ఆయన ఫోను రెండు రోజులు స్విచాఫ్‌లోనే ఉంది.

డిప్యూటీ కాగితం తీసి చదివాడు. అసలు పన్ను ఎనభై నాలుగు డాలర్లు. ఆలస్యానికి ఒక ఫీజు, దాని మీద వడ్డీ, నోటీసు పంపినందుకొక ఫీజు, వసూలుకు మనిషిని పంపినందుకొక ఫీజు, బూటు తొడిగినందుకొకటి, విప్పేందుకొకటి. చివరగా బూటు ఖరీదు. మొత్తం వెయ్యీ నలభై ఆరు.

"విప్పే ఫీజెందుకండీ, మేమే విప్పేశాం కదా!" అన్నాడు ఏసుపాదం.

డిప్యూటీ ఆ మాట గురించి నిజంగానే కాసేపు ఆలోచించాడు. "న్యాయమే సర్. కానీ దాన్ని తీసేసే కాలమ్ నా ఫారంలో లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా కౌంటీ ఆఫీస్‌లో ఆవిడ మీ పాట ఆరు చరణాలూ విన్నారట. బాగా పాడతారని ఫైల్లో రాశారు. కానీ నాలుగింటికి కారును లాక్కెళ్ళే టో ట్రక్ వస్తుంది. ఈలోపు అక్కడి కౌంటర్‌లో కట్టకపోతే కారు యార్డ్‌కి పోతుంది. మళ్ళీ ఇవ్వడం సోమవారం తొమ్మిది తర్వాతే."

సోమవారం ఎనిమిదింటికి నిశాంత్ అరవై మైళ్ళ అవతల ఉండాలి. ఏసుపాదం అతని మొహం చూసి బ్యాంకుకు ఫోన్ చేశాడు.

"సర్, గవర్నమెంట్ పేరు మీద పేమెంట్లన్నీ, పెద్ద మొత్తం క్యాష్ తీసుకోవడం కూడా మీరే బ్లాక్ చేయించారు" అంది బ్యాంకు అమ్మాయి.

"తీసెయ్యమ్మా, అర్జెంటు!"

"మీ అకౌంట్ మీద నోట్ ఉంది సర్. 'నా పేరు చెప్పి ఎవరైనా అర్జెంటు అంటే నమ్మొద్దు. ఏడ్చినా నమ్మొద్దు.'"

"అది రాయించింది నేనేనమ్మా!"

"అలా అంటారని కూడా రాయించారు సర్."

నవోమికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆమె ఫోను లాకర్‌లో ఉంటుంది. ఇక మిగిలింది చర్చి గ్రూపు. "బ్రదర్స్, సిస్టర్స్, కౌంటీవాళ్ళు కారు పట్టుకుపోతున్నారు. వెయ్యి డాలర్లు అర్జెంటుగా పంపండి" అని పెట్టాడు. అర నిమిషంలో చర్చి సెక్రటరీ ఇమ్మాన్యుయేల్ జవాబు వచ్చింది. "అంకుల్ ఫోన్ హ్యాక్ అయింది. ఎవరూ పంపొద్దు." ఏసుపాదం గొంతు రికార్డ్ చేసి పంపాడు. "వాయిస్ ఎంత పర్ఫెక్ట్‌గా చేశారో! ఆ దగ్గు కూడా అచ్చం అంకుల్‌దే. ఈ ఏఐతో చాలా డేంజర్" అని ఫెబీ రాసింది. మరో నిమిషానికి, ఆయన పెట్టిన గ్రూపులోంచి ఆయన్నే తీసేశారు.

ఏసుపాదం మెట్ల మీద కూలబడ్డాడు. రెండేళ్ళుగా నూట నలభై మందికి ఆయన నేర్పింది ఒకటే, ఎవర్నీ నమ్మొద్దని. ఒక్కళ్ళు కూడా పాఠం మర్చిపోలేదు.

నిశాంత్ చప్పుడు చెయ్యకుండా బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఒక కవరు తెచ్చాడు. "పదకొండు వందలున్నయ్ అంకుల్. పోదాం పాండ్రి."

డిప్యూటీ డబ్బు ముట్టుకోకూడదు. కానీ షెరిఫ్ ఆఫీస్, పన్ను కౌంటర్ ఒకే బిల్డింగ్‌లో ఉంటాయని, తనూ అక్కడికే వెళ్తున్నానని, కావాలంటే ఎక్కమని తలుపు తీశాడు. ముందు సీటు నిండా కాగితాలూ బూట్లూ ఉండడంతో ఇద్దరూ వెనక, ఇనప జాలీ అవతల కూర్చున్నారు. రోడ్డుకు రెండువైపులా కిటికీల్లేని డేటా సెంటర్లు పెద్దపెద్ద గోదాముల్లా వెనక్కి పోతున్నాయి.

"ఎందుకు దాచావు బాబూ ఇంత?" అన్నాడు ఏసుపాదం.

"టికెట్‌కి అంకుల్. తొంభై రోజులైపోతే ఇంటికి పోవాలె కదా."

"నాతో చెప్పలేదేం?"

"మీరేమో పొద్దున పొద్దున నా జాబ్ కోసం ప్రేయర్ చేస్తున్రు. టికెట్ పైసలు దాస్తున్న అంటే మీ ప్రేయర్ మీద నమ్మకం లేదనుకుంటరని."

ఫోనులో అబద్ధం చెప్పినవాణ్ణి నమ్మి రెండువేలు పోగొట్టుకున్నప్పుడు కూడా ఏసుపాదానికి ఇంత నష్టం జరిగినట్టు అనిపించలేదు. తన బేస్‌మెంట్‌లో ఒక మనిషి ఎనభై ఆరు రోజులుగా రెండు లెక్కలు వేసుకుంటూ బతికాడు. ఉండడానికొకటి, పోవడానికొకటి. తనేమో పైన కూర్చుని దొంగల్ని లెక్కపెడుతున్నాడు.

ఇంటి దగ్గర వాళ్ళు బండెక్కుతున్నప్పుడే ఎదురింటి రేణు చూసి ఫోటో తీసింది. పోలీసు బండి, జాలీ, జాలీ వెనక ఏసుపాదం తెల్లబోయిన మొహం. "అంకుల్ అరెస్ట్!" అని చర్చి గ్రూపులో పెట్టింది. డబ్బడిగితే నమ్మని జనం, గొంతు విన్నా నమ్మని జనం, అరెస్టు అనగానే ఒక్కరు కూడా అనుమానపడకుండా నమ్మేశారు.

నిశాంత్ పొడుగు వరసలో నిలబడి నిలబడి మూడూ పదికి కౌంటర్‌లో వెయ్యీ నలభై ఆరు కట్టాడు. రసీదు తీసుకుని మడుస్తుండగా తలుపు తోసుకుని ఇరవై ఇద్దరు లోపలికొచ్చారు. ముందు ఇమ్మాన్యుయేల్, ఆయన వెనక ఫెబీ, వాళ్ళు హాస్పిటల్‌కి ఫోన్ చేసి పిలిపిస్తే ఇంకా యూనిఫారం మీదే వచ్చిన నవోమి. దారిలో జేబులు, పర్సులు దులిపి చందా పోగుచేసుకుని వచ్చారు.

"మా అంకుల్‌ని విడిచిపెట్టండి. ఎంతైనా కడతాం" అన్నాడు ఇమ్మాన్యుయేల్.

కౌంటర్‌లో ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఆయన్నెవరూ పట్టుకోలేదే. ఇంతకీ మీ పేరు?"

ఇమ్మాన్యుయేల్ చెప్పాడు. ఆవిడ టైప్ చేసింది. "మీ హోండాకు పన్ను బాకీ ఉంది సర్, వచ్చే మంగళవారం బూటు పడుతుంది. మీ పేరమ్మా?" ఫెబీ చెప్పింది. ఆమెకూ బాకీయే. ఆ వెనకాయనకూ అంతే. దొంగ ఉత్తరాలని ఏసుపాదం హెచ్చరించాక ఇరవై ఒక్కమంది బిల్లులు చించి పారేశారు. జామీను కోసం తెచ్చిన చందా ఎవరిది వాళ్ళు తిరిగి లెక్కపెట్టుకుని, వరసలో నిలబడి కట్టారు. ఆఫీస్ అరగంట ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వచ్చింది. అంత వసూలు ఒక్కపూటలో ఎప్పుడూ కాలేదని ఆవిడ ఏసుపాదానికి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పింది. ఆయన గొంతు వినగానే ఎవరో గుర్తుపట్టి నవ్వింది కూడా.

బాకీ లేనిది నవోమి ఒక్కతే. "నా కారుది జనవరిలోనే కట్టేశానండీ. మీతో చెప్తే గ్రూపులో పెడతారని చెప్పలేదు" అంది. వెంటనే పక్కనున్న ఏటీఎంకి వెళ్ళి వెయ్యీ నలభై తెచ్చి, పర్సులోంచి ఇంకో ఆరు కలిపి నిశాంత్ కవర్లో పెట్టింది.

"వద్దు ఆంటీ, మెల్లగ ఇయ్యండి."

"ఉంచుకో నాన్నా. టికెట్ కొనుక్కో. కానీ రానూపోనూ రెండూ కొను. డిసెంబర్లో అమ్మని చూసిరా."

నిశాంత్ కవరు రెండు చేతులతో పట్టుకుని తల ఊపాడు. ఏసుపాదం అతని భుజం మీద చెయ్యి వేశాడు. ప్రార్థన మాత్రం చెయ్యలేదు. "పద, ట్యాంక్ నింపుదాం" అన్నాడు.

సోమవారం నిశాంత్ తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరి, ఆరింటికి ముందే ఆఫీస్ పార్కింగ్‌లో కరోలా ఆపి, రెండు గంటలు స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు. ఎనిమిదింటికి పేపర్ల మీద సంతకాలు పెట్టించుకున్నారు. తొంభై రోజుల లెక్క ఎనభై తొమ్మిది దగ్గర ఆగింది. ఎనిమిదిన్నరకు హెచ్‌ఆర్ ఆవిడ చేతికి లాప్‌టాప్ ఇచ్చి, బిల్డింగ్ ఖాళీ చేసేస్తున్నామని, రేపటి నుంచి ఇంటి నుంచే పని చేసుకోమని చెప్పింది.