కుంటి కొంగకు మంత్రిగారి ఊపిరి

మంత్రిగారు స్వయంగా మా 'కుంటి కొంగ' పబ్బుకు దయచేస్తున్నారన్న శుభవార్త అందేసరికి, నేనూ మా ఆయన ఎడ్విన్ కిటికీ పక్క బల్ల దగ్గర ఒకే చిప్స్ ప్యాకెట్లో చెరో చెయ్యి పెట్టి కూచున్నాం. పెళ్లయి ఇంకా నెల కాలేదు కాబట్టి రెండో ప్యాకెట్టు కొనాలన్న ఆలోచన మాకు రాదు.

పబ్బు నడిపే డోరీన్ ఫోను పెట్టేసి, "అందరూ నోరు మూయండి!" అంది. "మూతపడే పబ్బుల్ని నిలబెట్టే 'ఊరికో ఊపిరి' పథకం మంత్రి లయనెల్ థ్రాప్ గారు శనివారం మన దగ్గరికి వస్తారట. చూసి నచ్చితే అక్కడికక్కడే గుర్తింపు ఇస్తారట!"

గుర్తింపు వస్తే లీజు పొడిగిస్తానని భవనం సొంతదారు మాటిచ్చాడు. రాకపోతే పబ్బు కూల్చి ఫ్లాట్లు కట్టిస్తానన్నాడు. డోరీన్ కాపురం కూడా ఆ పై అంతస్తులోనే. ఆ సాయంత్రం ఆమె కళ్లు తుడుచుకున్న గుడ్డతోనే గ్లాసులూ తుడిచింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మంత్రిగారి కోసమని పక్క లోయలో కాచిన బీరు పీపా ఒకటి తెప్పించి నేలమాళిగలో పెట్టింది. పీపా బీరు ప్రాణమున్న సరుకు. మడ్డి అడుక్కి దిగేదాకా దాన్ని కదపకూడదు. డోరీన్ ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లడం నేను చూశాను.

శనివారం ఊరంతా పబ్బులోనే ఉంది. మంత్రిగారికంటే ముందు వారి సహాయకురాలు టామ్సిన్ భద్రతా సిబ్బందితో వచ్చింది. దేశసేవలో నిద్ర మానుకున్న మనిషని చూడగానే తెలిసింది.

"ఎవరు వీళ్లంతా?"

"కస్టమర్లు," అంది డోరీన్ గర్వంగా.

"బయట నిలబడమనండి. భద్రతా సమస్య."

"ఆర్నల్డ్ తాత వల్ల భద్రతకేం ముప్పమ్మా? లేచి నిలబడ్డానికే ఇద్దరు పట్టాలి."

"ఆయన స్వెట్టరు కెమెరాలో బాగా పడదు."

"ఈ స్వెట్టరు మీ మంత్రి పుట్టకముందు నుంచీ ఈ కుర్చీలో కూచుంటోంది, పిల్లా!" అన్నాడు ఆర్నల్డ్ తాత. ఇద్దరు పట్టి లేపారు.

గ్లాసులు కడిగే మనిషి కావాలన్నారు కాబట్టి నన్ను ఉండనిచ్చారు. బయట వానలో ఎడ్విన్ కిటికీకి ముక్కు ఆనించాడు. నేను లోపలి నుంచి అదే చోట ముద్దు పెట్టాను. అద్దం మసకబారింది. టామ్సిన్ నాచేత తుడిపించింది. ప్రభుత్వంలో పారదర్శకత గురించి పేపర్లో చదవడమే తప్ప కళ్లారా చూడ్డం అదే మొదలు.

"బీరెక్కడ?" అంది టామ్సిన్.

"కింద. పడుకోబెట్టాను."

"కింద వెలుతురు లేదు. పైకి తెప్పించండి."

"కదిపితే పాడైపోతుందమ్మా. ఈ ఒక్క మాట వినండి."

"ఐదు నిమిషాల పని, ఆంటీ."

భద్రతా సిబ్బంది పీపాను మెట్ల మీదుగా దొర్లించి పైకి తెచ్చారు. డోరీన్ గోడవైపు తిరిగి నిలబడింది.

మంత్రిగారు వచ్చారు. ఖాళీ కుర్చీలను కలయజూసి, "ఆహా! మన పల్లెల ప్రశాంతత!" అన్నారు. స్వహస్తాలతో పీపా కుళాయి తిప్పారు. గ్లాసులోకి వానాకాలం కాలువ దిగింది. "నేల తల్లి రంగు!" అని ఆయన దాన్ని దీపానికెత్తి చూపించారు. పెదవుల దాకా తీసుకెళ్లి, ఒక్క చుక్క కూడా వృథా కానివ్వకుండా తిరిగి బల్ల మీద పెట్టారు. ప్రజల సొత్తు పట్ల అంత జాగ్రత్త మామూలు వాళ్లకు రాదు.

జనం బయటికెళ్లాక వచ్చి మూలన కూర్చున్న పథకం తనిఖీ అధికారి ఉడ్‌గేట్ అప్పుడు లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, గంట నుంచీ ఇక్కడే ఉన్నాను. ఒక్క కస్టమరూ రాలేదు. బీరు చూస్తే తాగేలా లేదు. గుర్తింపు కష్టం."

"వాళ్లు బయటున్నారండీ!" డోరీన్ గొంతు కీచుమంది. "మీరేగా వెళ్లగొట్టారు!"

అందరం కిటికీలోంచి చూశాం. తడుస్తూ ఊరంతా మమ్మల్నే చూస్తోంది.

"బయటున్నవాళ్లను కస్టమర్లని ఎలా అంటామమ్మా?" అన్నాడు ఉడ్‌గేట్ ఓర్పుగా. "లోపలికొచ్చి కొంటేనే కస్టమరు. అది నిర్వచనం."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. గొడుగు పట్టించుకుని బయటికి వెళ్లి జనంతో గద్గదంగా మాట్లాడారు.

"మిత్రులారా! మీలాంటివాళ్లు పబ్బులకు రావడం మానేశారు. అందుకే ఇవి ఇలా చచ్చిపోతున్నాయి. ఇది ప్రభుత్వం తప్పా?"

"తలుపు తీయించు నాయనా, ఇప్పుడే వస్తాం!" అని అరిచాడు ఆర్నల్డ్ తాత.

"ఆలస్యమైపోయింది, పెద్దాయనా," అంటూ మంత్రిగారు ఆయన భుజం తట్టి కారెక్కారు.

డోరీన్ పీపా పక్కన కూలబడింది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. టామ్సిన్ మాత్రం అంత దుఃఖంలోనూ కర్తవ్యం మరవలేదు.

"రేపు మధ్యాహ్నం ఇక్కడే కుంటి కొంగకు వీడ్కోలు సభ. మంత్రిగారే వచ్చి నివాళి అర్పిస్తారు. ఊరంతా లోపలే ఉండాలి, కిక్కిరిసి కనపడాలి. కొత్త జంట ముందు వరసలో నిలబడాలి."

"మరి నేను?" అంది డోరీన్.

"మీరు తలుపు దగ్గర నిలబడి అందర్నీ లోపలికి పిలుస్తారు, ఆంటీ. నవ్వుతూ."