ఖండప్ప గోబీకి చైనా సర్టిఫికెట్

చైనా వంటకు పుట్టినిల్లు బీదర్ అని ఇందుమూలంగా ప్రజలందరికీ తెలియజేస్తున్నాను. కొత్త బస్టాండు గోడ పక్కన, ఖండప్ప మామ బండి మీద అది పుట్టింది. ఈ సంగతి చైనా వాళ్ళకు ఇంకా పూర్తిగా తెలియదు. నేను స్వయంగా వెళ్ళి విచారించి వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

నా అర్హతలు కూడా మనవి చేయాలి. నా పేరు మోహన్. ఊరి పక్క కొల్హార్ పారిశ్రామికవాడలో ఒక పైపుల ఫ్యాక్టరీ సరుకు అమ్మిపెడతాను. ఇంట్లో మా అక్క హేబ్సిబా జొన్న రొట్టె, పుంటికూర పెడితే దాన్ని గౌరవంగా పక్కకు జరిపి, బండి నుంచి తెచ్చుకున్న గోబీ మంచూరియా పొట్లం విప్పి, టీవీ ముందు కూర్చుని పుల్లతో గుచ్చుకుని తింటాను. చేత్తో తినడానికీ పుల్లతో తినడానికీ మధ్య ఉన్న దూరాన్నే నాగరికత అంటారని నా అభిప్రాయం. అక్క అభిప్రాయం వేరు.

"పండ్లల్ల పెట్టుకునే పుల్లతోని బువ్వ తినేటోన్ని నిన్నే చూస్తున్న," అంటుంది.

మామ బండి మీద ఎర్రటి డ్రాగన్ బొమ్మ ఉంది. గీసిన పెయింటర్ అంతకుముందు లారీల వెనక పులులు మాత్రమే గీసినవాడు కనుక డ్రాగన్‌కు చారలు వచ్చాయి, మెలి తిప్పిన మీసం వచ్చింది. దిష్టి తగలకుండా బుగ్గన చుక్క కూడా పెట్టాడు. సాయంత్రం అల్లం, వెల్లుల్లి నూనెలో పడ్డాయంటే కొల్హార్ షిఫ్టు ముగిసినవాళ్ళు ఆటోలు దిగి నేరుగా చైనాలో అడుగుపెట్టేవారు. పాస్‌పోర్టు అడిగినవాడు లేడు.

ఇంతలో ఎదురుగా ఒక ఏసీ హోటల్ తెరిచారు. 'అసలైన చైనా భోజనం' అని బోర్డు పెట్టారు. బండి మీద అమ్మేది చైనా వంటే కాదని ఆ హోటల్ వాళ్ళు ఊరంతా చాటారు. ఏళ్ళ తరబడి తిన్నా ఏమీ కానివాళ్ళకు ఆ మాట వినగానే కడుపునొప్పి మొదలైంది. అందరూ ఏసీలోకి వెళ్ళారు. అక్కడ దీపాలు మసకగా ఉంటాయి. ఏం తింటున్నామో కనిపించదు కాబట్టి అది అసలుదే అయి ఉండాలి.

మామకు మిగిలిన ఆశ హుల్సూర్‌లో సంగయ్య సావుకారి ఇంటి పెళ్ళి ఒక్కటే. మన వైపు ఈ రోజుల్లో సన్నాయి లేకుండా పెళ్ళి జరగవచ్చు, చైనా కౌంటర్ లేకుండా జరగదు. ఆ ఆర్డర్ దాదాపు మామకే అనుకున్నాక సావుకారికి అనుమానం పట్టుకుంది.

"నా బిడ్డ నేహా పెండ్లిల నఖ్లీ చైనా పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె, ఖండప్పా? అస్లీ చైనోడు ఒక్కడన్న తిని మంచిగుందని అనాలె. అన్ననాడు ఆర్డర్ నీది."

ఆ ఆర్డర్ పోతే బండి అమ్మేసి ఏదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చోవడమే మామ గతి. సరిగ్గా అప్పుడే మా ఫ్యాక్టరీ వాళ్ళు పైపుల మెషిన్లు చూడటానికి చైనాలోని గ్వాంగ్‌జౌకు ఒక మనిషిని పంపాలనుకున్నారు. నా ప్రతిభను గుర్తించారు. పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కడికే అన్నది వేరే విషయం.

మామ మా ఇంటికి వచ్చి స్టీలు డబ్బా నిండా పొడిగా వేయించిన గోబీ నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, నా బతుకే నీ చేతుల పెడుతున్న. చైనోనికి తినిపియ్యి, వీడియో తియ్యి. తొవ్వల నువ్వు తినకు."

"నేనెట్ల తింట మామా? దేశం పని మీద పోతున్న గద."

"కుక్క మెడకు మటన్ బొక్క గట్టి తోలుతున్నవ్ మామా," అంది అక్క.

గ్వాంగ్‌జౌలో మెషిన్ల కంపెనీ వారి నుంచి నాకు ఘన స్వాగతం లభించింది. గుండ్రటి బల్ల మీద గాజు పలక తిరుగుతూ ఉంటే దాని మీద ఉడికించిన ఆకులు, ఉప్పు మరచిపోయిన పులుసు, తలతో సహా ఒక చేప ఊరేగింపుగా వచ్చాయి. తినే ముందు ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. ఆ రోజు జీవితంలో ఎన్నడూ లేనంత సేపు చేసుకున్నాను. కళ్ళు తెరిచాక కూడా చేప అక్కడే ఉంది, నన్నే చూస్తోంది. దాని ఫోటో తీసి 'ఇలాంటి రుచి బీదర్‌లో దొరకదు' అని స్టేటస్ పెట్టి, గ్లాసెడు వేడినీళ్ళు తాగి గదికి వచ్చాను.

గదిలో మామ డబ్బా తెరిచి, నాణ్యత పరీక్ష నిమిత్తం రెండు ముక్కలు తిన్నాను. మరుసటి పూట పరీక్ష కొనసాగింది. పరీక్షలన్నీ ముగిసేసరికి డబ్బాలో ఒక్క ముక్క మిగిలింది. ఆ ముక్కను చూస్తే ఖండప్ప మామను చూసినట్టే అనిపించి మూత పెట్టేశాను.

ఇక ఆకలికి తాళలేక వెతగ్గా వెతగ్గా ఒక ఇండియా హోటల్ దొరికింది. మెనూ తెరిచి నిర్ఘాంతపోయాను. పప్పుకూ జీరా అన్నానికీ నడుమ, ఇండియా వంటల కింద, గోబీ మంచూరియా ఉంది. తమ వంట తమదేనని తెలియని జాతిని నేనెక్కడా చూడలేదు. జాలిపడి వంటవాణ్ణి పిలిపించాను. అతను చైనావాడే. వెంట తెచ్చిన డబ్బాలోని చివరి ముక్క అతని నోట్లో పెట్టి, వీడియో ఆన్ చేసి, ఎలా ఉందని అడిగాను. అతను నమిలి, తలూపి, ఏదో చెప్పాడు. ఫోను దాన్ని తెలుగులోకి మార్చింది: "చాలా బాగుంది. మంచి ఇండియా వంట. ఇక్కడికి వచ్చే ఇండియా వాళ్ళంతా ఇదే అడుగుతారు. మేము ఇళ్ళల్లో ఇలాంటిది వండుకోము."

తిరిగొచ్చాక మామ, అక్క, నేను హుల్సూర్ వెళ్ళాం. సావుకారి బంధువుల నడుమ కుర్చీలో కూర్చున్నాడు. సత్యం నా గొంతులో పొంగుకొచ్చింది. లేచి నిలబడ్డాను.

"పెద్దలందరికి శరణు. చైనోడు మంచిగుందన్నడు. ఇంకో ఖుషీ ముచ్చట గూడ చెప్పిండు. గిది వాళ్ళది కాదంట. మనదంట. మనమే పుట్టిచ్చినమంట."

చప్పట్ల కోసం ఆగాను. పెళ్ళికొడుకు పదో తరగతి తప్పాడని తెలిసినట్టుగా సావుకారి ముఖం వాడిపోయింది.

"మనదా?"

"మనదే సావుకారీ."

"మనదైతే పెండ్లిల ఎందుకు పెడతర్రా? మనది తినెటందుకు చుట్టాలు హైదరాబాద్ నుంచి వస్తరా?"

బంధువులు తలలూపారు. ఏసీ హోటల్ వాళ్ళకు ఫోన్ చేయమని ఎవరో అన్నారు. మామ భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. నా సత్యం అంత తొందరగా పనిచేస్తుందని నేనూ ఊహించలేదు.

అక్క నా చేతిలోని ఫోన్ లాక్కుంది.

"వీనికి చైనా మాట యాడ వస్తది సావుకారీ? తెలుగే అంతంత మాత్రం. ఫోన్ల వచ్చిన తెలుగు తప్పు సదివిండు. చైనోడు మాట్లాడిందొక్కటే పెడత, వినుండ్రి. అరేయ్, ఈసారన్న సక్కగ చెప్పు."

వీడియోలో చైనావాడు మాట్లాడాడు. అక్క నావైపు చూసింది. మామ నేలవైపు చూశాడు. నేను సక్కగా చెప్పాను.

"మా తాతల నాటి రుచి ఇది, అంటుండు. మా దగ్గర ఎప్పుడో ఖతమైంది, అంటుండు. బీదర్‌ల బతికున్నదంటే దండం పెడుతున్న, అంటుండు."

సావుకారి కళ్ళు తుడుచుకున్నాడు. లేచి సభకు ఇలా సెలవిచ్చాడు.

"చూసిండ్రా? వాళ్ళ తాతలది వాళ్ళు పోగొట్టుకున్నరు. మనం కాపాడినం. గదీ మన సంస్కృతి. ఖండప్పా, కౌంటర్ నీదే. డ్రాగన్ బండే తీస్కరా."

పెళ్ళి వైభవంగా జరిగింది. మీరూ వచ్చారు. పప్పు, వంకాయ, భక్ష్యాలు వడ్డించేవాళ్ళు ఈగలు తోలుకుంటుంటే, మామ కౌంటర్ ముందు వరసలో మిమ్మల్ని చూశాను. రెండోసారి ప్లేటు చాపుతూ, ఎంతైనా అసలుది అసలుదేనని పక్కాయనతో అన్నారు. నేను మీ వెనకే నిలబడి ఉన్నాను. సరిదిద్దుదామని నోరు తెరిచాను కూడా. కానీ మామ అప్పటికింకా నాకు వడ్డించలేదు.