బైరప్పను ఇంటిపేరు అడిగిన ప్రోగ్రాముపై దండయాత్ర

ఆలకింపుడు! రెండువేల నాలుగో సంవత్సర గ్రీష్మమున, ప్రచండమార్తాండకిరణదగ్ధమగు పుంగనూరు పురమందు, పాల సొసైటీ ఆఫీసు అను రణరంగమున, స్టెబిలైజరు శంఖము పూరించుచుండగా, స్వయంగురుడు, దొంగకాపీకులాంతకుడు, అడగకున్నను ఉపన్యసించువాడు అగు ముద్దుకృష్ణుడు, అంటే నేనే, కీబోర్డు ముందు కూలబడితిని.

దొంగ సాఫ్ట్‌వేరంతా పీకేసి, ఎవరైనా కోడు విప్పి దిద్దదగిన ఓపెన్ సోర్సును ఆ యంత్రమున ప్రతిష్ఠించినది నేనే. పాలు పోయువారి పేర్లెక్కించు ఆ ప్రోగ్రామో, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నచో మనిషిని మనిషిగా ఒప్పుకొనదు! సోమల ఊరి బైరప్పకు ఇంటిపేరు యాడిది? నాయన పేరులోని పొడి అక్షరమొకటి, తన పేరొకటి, అంతే.

"నా ఎనుము పాలు పనికొస్తాయి, నా పేరు పనికిరాదా అప్పా?" అని బైరప్ప గర్జించెను.

"ఏదో ఒక ఇంటిపేరు కొట్టేస్తే పోలా?" అనెను సెక్రటరీ పాపక్క.

"ఎవురిదో ఇంటిపేరు నాకు యాల తగిలిస్తావమ్మా?"

"అయితే సూడు ముద్దుకృష్ణా, కొత్త వెర్షనులో ఈయప్ప పేరు ఎక్కలేదంటే పాత దొంగదే పెట్టేస్తా. నీ విప్లవం ఇంటికి ఎత్తుకుపో."

అంతట నేను క్రోధారుణనేత్రుడనై మదనపల్లె బస్సెక్కి, ఇంటర్నెట్ సెంటరున ఆసీనుడనై, ఆ కోడు అమరిక చూచి ఒళ్లు మండి, ఫైలు ఫైలంతా నా పద్ధతిలోకి తిరగరాసి, "ఇంటిపేరు దురహంకారులారా, గద్దె దిగుడు!" అను మహోపన్యాసము జోడించి, జర్మనీలో కూర్చుని ఆ ప్రోగ్రాములోకి ఎవరి మార్పు రావలెనో తేల్చు ద్వారపాలకునిపై ప్రయోగించితిని.

మరునాడు జవాబు వచ్చెను: "ఉపన్యాసం చదివాను. వరుసలన్నీ కదిలాయి, అసలు మార్పేదో కనబడలేదు. అదొక్కటే పంపండి."

హా! పరాభవము! పాపక్కకు ఫోను కొట్టి వాపోతిని: "నా కోడంతా తిరగ్గొట్టినాడక్కా!"

"బైరప్ప పేరెక్కేదానికి యెన్ని వరుసలు మార్చల్ల?"

"...ఒకటి."

"మిగతావి యాల పంపితివి?"

ఫోను పెట్టివేసితిని. నా వీరకోడునంతటినీ నా చేతులతోనే చెరిపి, ఖాళీ గడిని తిట్టు ఆ ఒక్క వరుసను మాత్రము తెగనరికి, ఉపన్యాసము లేకుండ, పళ్లు కొరుకుచు పంపితిని. "తీసుకున్నాం" అని ఒక్క మాట వచ్చెను.

కొత్త వెర్షను దిగిన దినమున పాపక్క టైపు చేసెను. యంత్రము కిక్కురుమనలేదు. బైరప్ప తెరలోకి తొంగిచూచి, "ఇంతేనా? దీనికేనా నాలుగు వారాలు తిప్పిస్తివి?" అని క్యాను ఎత్తుకుని పోయెను.

జయము! జయము! దిక్కులారా, వినుడు! ముద్దుకృష్ణుని మహాసంగ్రామమున శత్రుపక్షమున ఒక వరుస కూలెను. సోమల ఊరి బైరప్ప ఒట్టి బైరప్పగానే ఎక్కెను!