అప్పాయమ్మ కాలికి నంబరు పడిన విధము

కాకినాడ పురమున, హార్బరు చేపల గాలి ఊరినెల్ల ఆక్రమించు ప్రొద్దుటి వేళ, జిరాక్సు యంత్రములు రణభేరులవలె మ్రోగుచుండ, నల్లకోట్ల సేనలు టీకొట్ల చుట్టును మోహరించియుండ, చంకలో కర్రయు చేత ప్లాస్టిక్ సంచియు ధరించి ఒక వీరనారి న్యాయస్థాన ద్వారమున నిలిచెను. ఆమె ఉప్పాడ తీరవాసిని, మత్స్యగంపాధారిణి, బేరమున నెన్నడును వెనుదీయని అప్పాయమ్మ.

ఐదు నెలల క్రిందట రొయ్యల వ్యాను ఒకటి ఆమెను గుద్ది, కుడి తొడయెముకను రెండు ముక్కలు గావించెను. నడిసంద్రపు తుపానునకు బెదరని ఆమె భర్త సత్తియ్య, ప్రైవేటు ఆసుపత్రి కౌంటరులో "పోలీసు కేసా?" అని అడిగినంతనే బెదరి, కేసన్నచో చేర్చుకొనరేమోనని, "కాదండి, ఇంటి మెట్టు మీద జారిపడిందండి" అని పలికెను. ఆ వాక్యము కేసు షీటున కెక్కెను. పిదప పోలీసులు వ్యానుపై కేసు కట్టినను ఆ వాక్యము మాత్రము షీటు దిగలేదు.

నష్టపరిహారపు కేసుకై ఆమె కుదుర్చుకొన్న వకీలుగారి గుమాస్తా జీవరాజు యుద్ధతంత్రమును బోధించెను. ఎఫ్ఐఆరు, చార్జిషీటు, గాయాల సర్టిఫికెట్టు, వైకల్యపు సర్టిఫికెట్టు: ఈ దివ్యాస్త్రములలో ఒకదానిని పొందుటకు మరియొకటి చూపవలెనట.

"అన్నీ పెట్టామమ్మా, కోర్టు నుంచి కాయితాలు తిరిగొచ్చేశాయి. వ్యాను గుద్దిందని మనం అంటున్నాం. మెట్టు మీద పడ్డావని ఆసుపత్రి అంటోంది. డాక్టరు గారితో రాయించుకొస్తేనే కేసుకి నంబరు. ఆరు నెలల గడువు దాటితే అదీ కష్టం."

"నంబరు పడకపోతే ఏంటండి?"

"కేసే లేదు."

"మరి కాలు ఇరిగింది కదండి."

"అది మీ ఇంట్లో విరిగినట్టమ్మా. కోర్టులో ఇంకా విరగలేదు."

అప్పుడు ఆ ధీర, వెనుక తలవంచిన మగనితో, ఆసుపత్రి రికార్డుల గదిపై దండెత్తెను. గాజుకిటికీయే కోటగోడగా, సెల్‌ఫోనే ఖడ్గముగా కొలువుదీరిన దుర్గాధిపతి సత్యప్రసాద్ తలయైన నెత్తలేదు.

"మీ ఆయన చెప్పిందే రాశామండి. మార్చడం కుదరదు."

"చెప్పింది ఆయనండి. తగిలింది నాకండి."

"ఏదో కంగారులో అనేశానండి," అని సత్తియ్య గొణిగెను.

"నువ్వూరుకో. అన్నది చాలు."

అంతట శస్త్రచికిత్స చేసిన డాక్టరు సత్యవాణి ఆ దారిన వచ్చుచుండ, అప్పాయమ్మ కర్రను అడ్డముగా నిలిపి, గంగానమ్మ జాతరలో డప్పు కూడ వినబడనంత స్వరమున పలికెను.

"అమ్మా, నా తొడ చూసి టైరు అచ్చు పడిపోయిందని ఆరోజు మీరే అన్నారండి. అంటానే నా కళ్ళముందే కాయితం తిప్పి రాశారండి. ఆ షీటులో రెండో కాయితం తియ్యమనండి."

తీసిరి. టైరు ముద్ర యని డాక్టరుగారి స్వహస్తము అచట వెలుగుచుండెను. చదువుకొన్నవారు ఇందరు మొదటి పుట చదివి అలసిపోయిరి గాని, ఐదు నెలలలో రెండవ పుట త్రిప్పిన మహానుభావుడు ఒక్కడును లేకపోయెను.

"మా ఇంటికి మెట్టే లేదండి. ఉన్నా, మెట్టుకి టైరుంటదాండీ?"

సత్యప్రసాద్ ఫోను క్రింద పెట్టెను. డాక్టరుగారు గాయములు వాహనము వలననే కలిగినవని వ్రాసి, సంతకముచేసి, ముద్ర వేయించిరి.

మరునాడు న్యాయస్థానపు కార్యాలయమున రబ్బరు స్టాంపు పిడుగువలె పడెను. నంబరు వెలిసెను.

"అయితే అయిపోయినట్టేనాండి?" అని సత్తియ్య అడిగెను.

"ఇప్పుడేగా మొదలైంది," అని జీవరాజు నవ్వెను. "నోటీసులెళ్ళాలి. వ్యాను వాళ్ళు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి."

లోకులారా, చాటుచున్నాను, వినుడు. ఎముక విరిగిన ఐదు నెలలకు, ఆ యెముక విరిగినదా లేదా అని ఎప్పుడో ఒకనాడు విచారించుటకు న్యాయలోకము ఒప్పుకొనెను. అప్పాయమ్మ జయించెను.