తొందరపడిన మేపుల్

ఆ శుక్రవారం ఉదయం చిజురు పెట్టుకున్న పని చాలా చిన్నది. వేడినీటి ఊటల యాత్రకు వెళ్లిన అత్తగారు సాయంత్రం తిరిగి వచ్చేలోగా, వాకిట్లోని మేపుల్ చెట్టుకు తొమ్మిది రోజుల నీళ్లు ఒకేసారి పోసెయ్యడం. ఆగస్టు ఎండల్లో రోజూ పోస్తానని మాటిచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన మనిషి మాట మరి. మొదటిరోజు పోసింది కూడా.

గొట్టం పట్టుకుని తలెత్తి చూసింది. పచ్చగా ఉండాల్సిన ఆకులు అంచుల నుంచి నడిమి దాకా మాడి, అప్పడాల్లా ముడుచుకుపోయాయి. అత్తగారు కాపురానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టది. కన్నకొడుకు కన్నా అదే తన మాట వింటుందని ఆవిడ నమ్మకం.

సరిగ్గా అప్పుడే పక్కింటి కురిహారా గారు గోడ మీదుగా తొంగి చూసింది.

"అయ్యో చిజురు గారూ, ఆకులు ఇలా అయ్యాయేంటండీ?"

"రంగు తిరిగాయండీ," అంది చిజురు. ఆమెకు నోరు ముందు, బుద్ధి వెనక. "మా చెట్టుకి కాస్త తొందరెక్కువ."

"ఆగస్టులోనే? మేపుల్ ఎర్రబడేది శరత్కాలంలో కదండీ?"

"మంచి జాతి కదండీ!"

కురిహారా గారు ఆ నెల వీధి పెద్ద. ఇంటింటికీ తిరిగే నోటీసు పలక ఆవిడ చేతిలోనే ఉంది. చెత్తబండి వేళల కింద చిజురు వాళ్ల ఇంటిపేరుతో ఒక ముక్క చేర్చింది: 'ఒకుమురా గారింట ఈ ఏటి తొలి ఆకురంగులు. అందరూ చూసి ఆనందించగలరు.' పలక పన్నెండు ఇళ్లు తిరిగింది, పన్నెండు ముద్రలు పడ్డాయి. చదివానని ముద్ర వేశాక వెళ్లకపోతే ఆ వీధిలో మర్యాద కాదు.

మధ్యాహ్నానికల్లా వాకిట్లో చాపలు పరిచారు, అన్నం డబ్బాలు విప్పారు. రిటైరైన మాస్టారు నాగానుమా గారు కవిత రాయడానికి కుంచె కూడా తెచ్చుకున్నాడు.

"ఈ గోధుమరంగులో ఎంత లోతుందో!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఆ అంచుల నలుపు చూశారా? అందరి చెట్లకీ రాదండీ!" అంది కురిహారా గారు.

మాడిందని అందరికీ తెలుసు. ఆ మాట అనే ధైర్యమే ఎవరికీ లేదు. వచ్చినవారికల్లా చల్లటి బార్లీ టీ పోసి, వంగి వంగి నమస్కరించి చిజురుకు మెడ పట్టేసింది.

గేటు చప్పుడైంది. చేతిసంచీతో అత్తగారు తమాయె! బస్సు ముందే వచ్చింది కాబోలు. ఆవిడ తిన్నగా చెట్టు దగ్గరికెళ్లి ఒక ఆకు అందుకుంది. అది వేళ్ల మధ్య పొడి పొడి అయింది. చాపల మీద ఒక్కరూ మెతుకు మింగలేదు.

"అవునండీ," అంది తమాయె అందరికీ వంగి, "ఈ ఏడు రంగు కాస్త ముందే వచ్చింది."

జనం వెళ్లాక చిజురు నేలచూపులు చూస్తూ చెప్పేసింది. "తొమ్మిది రోజులు నీళ్లు పొయ్యడం మరిచిపోయాను అత్తయ్యా."

"నిజంగానా?" తమాయె మొహం వెలిగిపోయింది. "బతికించావే తల్లీ! వెళ్లేముందు గుప్పెడు ఎరువు వెయ్యబోయి డబ్బా అంతా బోర్లించాను. చెట్టు వేళ్లు మాడిపోయుంటాయని, వేడినీళ్లలో కూర్చున్నా వణుకే. నువ్వు ఇట్టే కనిపెట్టేస్తావని భయం. చదువుకున్నదానివి కదా!"

ఇద్దరూ కలిసి ఒక కొమ్మను గోటితో గీకి చూశారు. లోపల పచ్చగానే ఉంది.

మర్నాడు పలక మళ్లీ వచ్చింది. కురిహారా గారింటి పూలతీగ ఈసారి శీతకాలపు అందాన్ని ముందుగానే సంతరించుకుందట. అత్తాకోడళ్లు ముద్ర వేసి, చాప దులుపుకున్నారు.