కచ్చాకుట్టు కారు

మేడ మీద వాటాలో ఆమె నీళ్ల సీసాలు నింపుతోంది. సీసా నిండే కొద్దీ సన్నబడే చప్పుడు వింటూ, పొద్దుటి ఎండ వంటగది గట్టు మీదికి మెల్లగా పాకడం చూస్తూ ఉండగా, కిటికీ కింద ఏదో గీకుతున్న శబ్దం వినిపించింది. తొంగి చూసింది. వాకిట్లో ఆమె భర్త మెడలో టేపు వేసుకుని, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో, మోకాళ్ల మీద పాకుతూ నేల మీద పొడుగాటి గీత గీస్తున్నాడు.

"ఏమిటండీ అది?"

"కారు," అన్నాడు తలెత్తకుండా. "డోరు తీస్తే గోడకి తగులుతుందేమో చూస్తున్నా. చార్జింగుకి ఆ పొడుగు వైరు చివర కిందికి వదులు."

వదిలింది. వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. ఆయన టైలరు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ల్యాబువాళ్లు ఊరి బయట కొత్త శాఖ తెరుస్తూ, దాన్ని ఆమె చేతుల్లో పెడతామన్నారు. తన మాట మీద నడిచే పని ఒకటి ఉండాలని ఎన్నాళ్లుగానో ఆమె లోలోపల అనుకుంటున్నదే. అయితే అటు బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదు. శాంపిళ్లు మాత్రం తెల్లవారేసరికి అందుకోవాలి. వస్తారో రారో శనివారం మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు.

"ఎలక్ట్రిక్ కారు కొనేద్దాం. ఇంట్లో చార్జింగు పెట్టుకుంటే పెట్రోలుతో పోలిస్తే ఖర్చేముంది!" అని మొదట అన్నది ఆయనే. ఆ తర్వాత లెక్కలు మొదలుపెట్టాడు. బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుతుంది, చస్తే ఎంతవుతుంది, బీమా ఎంత, బయట చార్జింగు పెడితే ఎంత, రేపు అమ్మబోతే ఎవడు కొంటాడు. లెక్క ఒకరోజు కొనమనేది, మర్నాడు వద్దనేది. చివరికి ఆయనకు తన వృత్తిలోనే దారి కనబడింది.

"మామూలు చొక్కాకే ముందు వదులుగా కచ్చాకుట్టు వేసి, తొడిగి చూసి, ఆ తర్వాతే గట్టి కుట్టు వేస్తాను. ఇంత ఖరీదైన బండికి ట్రయల్ వద్దా? ఈ వారం కారు ఉన్నట్టే బతుకుదాం."

"షోరూమువాళ్లు ట్రయల్ ఇస్తామన్నారుగా?"

"అది వాళ్ల ట్రయల్. ఒక చుట్టు తిప్పి, చేతికి చల్లటి నీళ్లిచ్చి సంతకం పెట్టమంటారు. ఇది మన ట్రయల్."

గీతల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ముందు రెండు, వెనక రెండు. అత్తగారు మెట్లు దిగి వచ్చి, గీత తొక్కకుండా జాగ్రత్తగా దాటి, వెనక కుర్చీలో కూర్చుంది. గాలికి చెట్టు ఆకుల నీడలు ఆమె ఒళ్లో కదులుతున్నాయి. కళ్లు సగం మూసుకుంది.

"ఏరా, చప్పుడే లేదేం?"

"ఎలక్ట్రిక్ కదమ్మా. ఇవి చప్పుడు చేయవు."

కాసేపటికి మళ్లీ అడిగింది. "ఎక్కడిదాకా వచ్చాం?"

"ఊరు దాటాం."

"అదే అనుకున్నా. గాలి మారింది."

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే తయారై కారులో కూర్చోవడం మొదలుపెట్టింది. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు రెండు రోజులు తలుపు సందులోంచి చూసింది. వాడకట్టంతా ఆవిడను పిన్నిగారు అనే పిలుస్తారు. మూడో రోజు మంచి చీర కట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది.

"నన్ను మా చెల్లెలింటి దాకా తీసుకెళ్లవయ్యా."

ఆ చెల్లెలితో ఆవిడకు మాటలు లేవు. ఎవరు ముందు ఫోను చేయాలన్న దగ్గర ఆగిపోయిన అలక అది. ఆ సంగతి తెలియని టైలరు నిజాయితీగా ఆలోచించాడు.

"అంత దూరానికి చార్జింగు చాలదు పిన్నిగారూ. పొద్దున అమ్మని తిప్పుకొచ్చాం కదా."

పిన్నిగారి ముఖం మాడిపోయింది. "మీ అమ్మకైతే ఉంటుంది, నాకైతే అయిపోతుందన్నమాట!" అని దిగి, లేని తలుపును గట్టిగా వేసి లోపలికి వెళ్లిపోయింది.

"నిండా ఉందంటే పోయేది కదండీ," అంది భార్య.

"ట్రయల్‌లో అబద్ధం ఆడితే చొక్కా బిగుతైపోతుంది," అన్నాడు.

ఆ సాయంత్రం కరెంటు ఏమాత్రం కాలుతుందో తేల్చాలనుకున్నాడు. చార్జింగుకు గీజరు వాడినంత కరెంటు పడుతుందని ఎవరో చెప్పారు. గీజరు వేసి, నమ్మకం చాలక దుకాణంలోని ఇస్త్రీపెట్టెలు రెండూ తెచ్చి ఆ పొడుగు వైరుకే తగిలించాడు. అత్తగారు లెక్కకు ఒక ఫ్యాను కూడా వేసింది. చీకటి పడకముందే కింద వాటా, మేడ మీద వాటా రెండూ ఆరిపోయాయి. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది.

కరెంటు పనివాడు వచ్చి వేడెక్కిన వైరును పట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు. "ముందు బండి పక్కకి తీయండి."

"బండి లేదు."

"లేకుండానే ఇంత లాగిందా?" వాడు సుద్దగీతల వంక గౌరవంగా చూశాడు. "ఇలా ఇంటి వైరుతో కుదరదండీ. మీటరు దగ్గర్నుంచి వేరే లైను లాగాలి, ఎర్తు వేయాలి, లోడు పెంచాలి. దరఖాస్తు మీద ఇంటి ఓనరు సంతకం ఉండాలి."

చీకటి గుమ్మంలోంచి పిన్నిగారి గొంతు వచ్చింది. "చేయను. నా గోడకి ఒక్క తూటు పడనివ్వను."

భార్య మెట్ల మీద కూర్చుండిపోయింది. సంతకం లేకపోతే చార్జింగు లేదు, చార్జింగు లేకపోతే కారు లేదు, కారు లేకపోతే కొత్త ల్యాబు ఇంకెవరి చేతికో పోతుంది. లేని కారులో చోటివ్వనందుకు చేతికొచ్చిన ఉద్యోగం పోయేలా ఉంది.

"ఏమండీ, ఆవిణ్ణి చెల్లెలింటికి తీసుకెళ్లండి," అంది.

శనివారం పొద్దున్న అందరూ ఎక్కారు. పిన్నిగారు ముందు, అత్తగారు, భార్య వెనక. ఎండ పల్చగా ఉంది. ఎక్కడో దుప్పట్లు దులుపుతున్న చప్పుడు దగ్గరికొచ్చి దూరమైనట్టు అనిపించింది. కొరియరు మనిషి గేటు తీసుకుని వచ్చి, కుర్చీల వంక చూసి, ఎందుకో చుట్టూ తిరిగి వెళ్లి పిన్నిగారి కుర్చీ పక్కన, కారు కిటికీ ఉండే చోట నిలబడి పొట్లం అందించాడు.

"ఆగాలి," అన్నాడు టైలరు హఠాత్తుగా. "చార్జింగు స్టేషను. మన ముందు ఇంకో బండి ఉంది."

భార్యకు ఓపిక నశించింది. "లేని కారుకి, లేని స్టేషనులో, లేని మనిషి మనకంటే ముందు నిలబడ్డాడా?"

"ఊరుకో అమ్మాయ్," అంది అత్తగారు మెల్లగా. "ఇలాంటి చోట్ల గొడవ పడితే మన వంతు ఇంకా వెనక్కి పోతుంది."

ఆగారు. అత్తగారు కునుకు తీసింది. ఆకుల నీడలు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి జరిగాయి. తర్వాత బండి కదిలింది. ఎంత దూరం వెళ్లారో గానీ, పిన్నిగారు ఒక్కసారిగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడే ఆపు. గుమ్మం దాకా వద్దు."

ఆవిడ కళ్లు ఎదురుగా ఉన్న తన ఇంటి గోడను దాటి ఎటో చూస్తున్నాయి. నెమ్మదిగా దిగి లోపలికి వెళ్లింది. కిటికీలోంచి గొంతు వినబడింది. "ఏమే, నేనే... లేదు, ఊరికే... నువ్వు చెయ్యవుగా, నేనే చేశా."

బయటికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటోంది. "గోడకి నీ ఇష్టం వచ్చినన్ని తూట్లు పొడుచుకోవయ్యా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

భార్య గుండె తేలికైంది. టైలరు మాత్రం కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

"అక్కర్లేదు పిన్నిగారూ. ట్రయల్ అయిపోయింది, లెక్క తేలింది. అమ్మ రోజూ తిరిగింది, మీరు చెల్లెల్ని చూసొచ్చారు. టైరు అరగలేదు, బీమా లేదు. ఇంతకంటే చౌకగా నడిచే కారు ఏ షోరూములో ఉంది? ఇంక కొనడమెందుకు?"

"నా నడుముకీ ఈ కుర్చీయే నయం," అంది అత్తగారు కళ్లు తెరవకుండా.

అప్పుడే భార్య ఫోను మోగింది. ల్యాబు పెద్దాయన. "ఏమ్మా, ఏమనుకున్నారు?"

ఆమె భర్తను చూసింది. ఆయన చేతులు గాలిలో స్టీరింగు మీద ఉన్నాయి.

"వస్తున్నాను సార్. సోమవారం నుంచే."

మేడ మీదికి వెళ్లింది. బ్యాంకు అప్పుకు షోరూమువాళ్లు అడిగిన జీతం కాగితాలు సంచిలో పెట్టుకుంది. దిగి వచ్చి కరెంటు దరఖాస్తు పిన్నిగారి ముందు పట్టుకుంది. ఆవిడ గోడకు ఆనించి సంతకం చేసింది.

"ఎక్కడికి?" అన్నాడు టైలరు.

ఆమె చెప్పులు వేసుకుంది. సుద్దగీతల మీదుగానే నడుచుకుంటూ వెళ్లి, గేటు తీసి, షోరూము ఉన్న వైపు వెళ్లిపోయింది.

వెనకే పరుగెత్తుదామనుకున్నాడు గానీ, నడుస్తున్న బండిలోంచి దిగడం ఆయనకు అలవాటు లేదు.