సద్దు లేని బండి

"కరెంటు బండి అంటావు, పెట్రోలు బండి అంటావు. రెండూ ఒక్కసారే అయిపోతే నడిదోవలో ఏం చేస్తావు, నాయనా?"

బండి ఇంకా ఇంటికి రాలేదు. బుక్కింగు కూడా కాలేదు. అయినా నా కొడుకు అశోక్‌కుమారును నేను మొట్టమొదట అడిగింది ఇదే. వాడు సెల్లులోంచి తల ఎత్తలేదు.

అక్కలారా, అమ్మలారా! భయపడే తల్లులకు ఈ కాలం ఇచ్చిన పెద్ద వరం ఏది అంటే, ప్రీమియం కాంపాక్ట్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ అని నేను మా రాజపాళయం బస్టాండులో నిలిచి చెప్తాను. పేరు పలికి ముగించేలోపల పొయ్యిమీద పాలు పొంగిపోతాయి, నిజమే. అయినా వరం వరమే.

ఎట్లా అంటారా? పెట్రోలు బండికి ఒకటే భయం, పెట్రోలు తీరిపోతుందని. కరెంటు బండికి ఒకటే భయం, చార్జి దిగిపోతుందని. ఈ బండి మొదట కరెంటుతో పోయి, అది తీరినాక పెట్రోలుకు తనంతట తానే మారుకుంటుందంట. అంటే రెండు భయాలు, మారేటప్పుడు మారకపోతే ఎట్లా అని నడుమ ఇంకొకటి. ఒకే బండిలో ఇన్ని భయాలు పెట్టి ఎవరు ఇస్తారు మనకు?

ఇంకో మేలు చూడండి. ఆషాఢంలాంటి ఆడి నెలలో వాడు బండి కావాలన్నాడు. ఆడిలో కొనకూడదంటిని. చూస్తే తప్పు లేదు కదా అని సోఫాలో కూర్చొని వీడియోలు చూడటం మొదలుపెట్టినాడు. ఎవరెవరో బండి నడుపుతుంటే వీడు చూస్తాడు. ఆడి పోయింది. పెరుమాళ్ళ నెల పురట్టాసి వచ్చింది, అది కూడా మంచిది కాదంటిని. మార్గళి, అదే ధనుర్మాసం, వచ్చింది, అసలే కూడదంటిని. కొనకూడని నెలలు పెట్టిన పెద్దలు చల్లగా ఉండాలి! బండి ఎంచుకుంటున్నంత కాలం బిడ్డ సోఫాలోనే ఉన్నాడు. సోఫామీద ఎవరికైనా ఆక్సిడెంట్ అయిందని విన్నారా?

నా భయానికి కారణం లేదనుకోకండి. మా వాడు పక్కనుండే సత్రపట్టిలో పవర్‌లూములు పెట్టి బ్యాండేజి గుడ్డ నేయిస్తాడు. ఊళ్ళో ఎవరికో దెబ్బ తగిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. పొద్దున లేస్తూనే ఆ తెల్ల గుడ్డ కట్టల మొహం చూసే తల్లికి దెబ్బలు, నెత్తురు తప్ప ఇంకేం తోస్తుంది?

నేను ఎనిమిదో క్లాసుతో నిలిచినదాన్ని. అయినా విని విని అన్నీ తెలుసుకున్నాను. కాంపాక్ట్ అంటే చిన్నది. ప్రీమియం అంటే చిన్నదానికి పెద్ద వెల. ఎస్‌యూవీ అంటే నా మోకాళ్ళను తలచుకోకుండా ఎత్తుగా చేసింది. పీట వేసి ఎక్కాలి, ఇద్దరు పట్టుకుంటేనే దిగాలి.

ప్లగ్ అంటే ఏంది? అది మా గ్రైండరుది! ఇంట్లో ఉండే పెద్ద ప్లగ్గు ఒకటే, వెనక వసారాలో. బండి చార్జికి ఇప్పటికి అది చాలని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పి పోయినాడు. కాబట్టి నేను ఇడ్లీకి రుబ్బే నాడు బండి పెట్రోలు తాగుతుంది. బండికి చార్జి ఎక్కే నాడు మాకు ఉప్మా. మా ఆయన బాలుసామి నోరు తెరిచే మనిషి కాదు. ఉప్మా అన్న మాట విని మాత్రం పేపరు కిందికి దించినాడు. దించినాడు, అంతే.

అన్నిటికన్నా గొప్ప సంగతి ఒకటుంది. టాప్ మోడలు బండి నాకన్నా ఎక్కువ భయపడుతుందంట! రోడ్డుమీద గీత దాటితే కుయ్యిమంటుంది. ముందర లారీ కనిపిస్తే కుయ్యి. బెల్టు వేసుకోకుంటే కుయ్యి. నడిపేవాడికి కునుకు వచ్చిందంటే, నిలిపి కాఫీ తాగమని కప్పు బొమ్మ చూపిస్తుంది. దీనికంతా వేరేగా దుడ్డు కట్టాలి. వాడు సంతోషంగా కడతానంటున్నాడు. ఇదే మాటలు నేను వాకిట నిలిచి ఊరికే చెప్తే దాని పేరు నస. బండి చెప్తే సేఫ్టీ ఫీచరు. నన్ను బేస్ మోడలు అనుకున్నట్టున్నాడు.

ఇక మా పాత డీజిల్ జీపు మాట. అది పక్క ఊరు చోళపురంలో స్టార్ట్ అయితే మా వంటింట్లో గిన్నెలు కదులుతాయి. అది వీధి మూల తిరిగేలోపలే మా వీరన్ లేచి నిలుస్తుంది. వీరన్ మా ఊరి జాతి తెల్లకుక్క. వీరన్ లేచిందంటే నేను దోసె రాయి, అదే పెనం, పొయ్యిమీద పెడతాను. మా వాడు పోయేటప్పుడు చెప్పడు. చేరినాక చెప్పడు. "చేరినావా?" అని అడుగుదామని ఫోను చేస్తే ఎత్తడు. అయితే ఏం? జీపు చెప్తుంది, కుక్క వింటుంది, నేను ఊపిరి వదులుతాను. ఇన్నేళ్ళు ఇట్లనే నడిచింది.

పొంగలితో మంచి నెల తై వచ్చినాక నాకు తప్పించుకునే దారి లేకపోయింది. మా ఇంట్లో ఏ బండికైనా అడ్వాన్సు తాంబూలంతో కలిపి అమ్మ చేతిమీదుగానే పోవాలి. అమ్మ ఇవ్వకుంటే బండి లేదు. మదురై షోరూమునుంచి రవిచంద్రన్ అనే అబ్బాయి బండి తెచ్చినాడు. తళవాయిపురం దాకా నడిపి చూసి వస్తామని ఇద్దరూ పోయినారు. నేను తాంబూలం తట్ట పట్టుకొని వాకిట నిలిచినాను.

ఫోను చేసినాను, ఎత్తలేదు. మళ్ళీ చేసినాను. వాళ్ళ తరువాత బయలుదేరిన తళవాయిపురం బస్సు కూడా తిరిగి వచ్చేసింది. చార్జి తీరిపోయి ఉంటుంది. పెట్రోలుకు మారుకొని ఉండదు. కుయ్యి కుయ్యిమని మొత్తుకున్నా వీడు విని ఉండడు. నా కళ్ళు వీరన్ మీదనే ఉన్నాయి. అది ముందుకాళ్ళమీద మూతి పెట్టి పడుకొని ఉంది. కుక్క లేవలేదంటే బిడ్డ రాలేదు. వీధి చూడాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళలో ఏనాడూ వీధి చూసినదాన్ని కాదు, కుక్కనే చూసేదాన్ని!

పక్కన తలుపు తెరిచిన సద్దు విని తిరిగినాను. బండి మా గోడ పక్కనే నిలిచి ఉంది. ఎప్పుడు వచ్చిందో! లోపల ఇద్దరూ స్క్రీను చూస్తూ కూర్చొని ఉన్నారు. వీరన్ దడుచుకొని లేచి, సిగ్గుపడి, సొంత యజమానిమీదనే మొరిగింది.

సద్దే లేదు చూడండి, ఇదే దీని స్పెషల్ అని రవిచంద్రన్ నవ్వినాడు.

నేను తట్ట ఇవ్వలేదు. "అన్నీ ఉన్నాయి అంటివే అబ్బాయ్, వీడు వచ్చి చేరినాడని నాకు ఎట్లా తెలిసేది?" అని అడిగినాను.

బండి ఎక్కడుందో చూపించే యాప్ ఉందని ఫోను తీసినాడు పాపం.

"బండి సంగతి నేను అడగలేదు," అన్నాను. "నాకు జవాబు వస్తేనే ఈ తట్ట కదిలేది."

చదివేవాళ్ళారా, వరం అంటినే, అది ఇదే. ఇన్నేళ్ళు వాడి బదులు ఆ జీపు నాకు జవాబు చెప్తూ వచ్చిందని, సద్దు లేని బండి వచ్చినాకనే నాకు తెలిసింది. ఇంకొకటి కూడా తెలిసింది. మా ఇంటికి ఇట్లాంటి బండి కొత్త కాదు. ముందునుంచే రెండు ఉన్నాయి. ఒకటి పేపరు చదువుతుంది, ఒకటి సెల్లు చూస్తుంది.

రవిచంద్రన్ తన బూట్లు చూసుకున్నాడు. మా ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తట్టలో తమలపాకు ఎండకు వాడుతూ ఉంది. అశోక్ తాళంచెవిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చినాడు, మళ్ళీ మార్చినాడు. సెల్లులో నా పేరు, ఎత్తని నా ఫోన్లు చూసినాడు. చాలాసేపు చూసినాడు.

"చేరినానమ్మా," అన్నాడు. "దోసె రాయి పెట్టు."